తెల్లారినా పోని కోపం

రేవత భంతేకి రోజూ పొద్దు వాలేసరికి కోపం వచ్చేది.

పొద్దునపూట ఆయనంత నెమ్మదస్తుడు ఆ గుట్ట మీద లేడు. దారిలో చీమల బారు కనబడితే ఆగి, అది పూర్తిగా దాటాక అడుగు వేసేవాడు. అదే మనిషి సాయంత్రం గంట కొట్టే వేళకి గంట తాడు తడిగా ఉందని, కుళాయి కారుతోందని, కుక్క తోక ఊపుతోందని మండిపడేవాడు. కుక్క తోక ఊపక ఇంకేం ఊపుతుంది?

పల్నాడులో కృష్ణ ఒడ్డున సున్నపురాయి గుట్ట మీద ఉన్న చిన్న విహారం అది. ఉండేది ఇద్దరే భిక్షువులు. గురువు పేరు ఉపసేన. కింద పల్లెలో అందరూ పెద్ద భంతే అంటారు. భంతే అంటే అయ్యా అన్నట్టు, మర్యాద మాట. శిష్యుడు రేవత. చీవరం, అంటే భిక్షువుల కాషాయ బట్ట, కట్టకముందు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. మెడలోంచి ఈల తీసేశాడు గానీ మనసులోంచి తియ్యలేదు.

భిక్షువులకి మధ్యాహ్నం దాటాక తిండి లేదు. మళ్లీ తెల్లారాకే. రేవత ఈ నియమాన్ని పట్టుకున్నట్టు ఇంకెవరూ పట్టుకోలేదు. గోడ గడియారం వైపు ఒక కన్ను వేసి ముద్ద మింగేవాడు. వేళ దాటితే కలిపిన అన్నం కలిపినట్టే కుక్కకి పెట్టేసేవాడు. కుక్క ఆ విషయంలో ఆయనకి రుణపడి ఉంది.

సాయంత్రం గంట అయ్యాక మైత్రీ భావన. కళ్లు మూసుకుని, సకల ప్రాణులూ సుఖంగా ఉండాలి అని మనసులో అనుకోవాలి. రేవత అనుకునేవాడు. పళ్లు కొరుకుతూ అనుకునేవాడు. ఒకసారి ఎంత గట్టిగా కొరికాడంటే పక్కన కూర్చున్న పల్లె ముసలమ్మ ఒకావిడ కళ్లు తెరిచి చూసింది.

ఇది చూసి ఆయనకే భయం వేసింది. భిక్షువుకి కోపం ఉండకూడదు. ఉన్నా ఇంత ఉండకూడదు. అందుకని రోజూ సాయంత్రం గురువు దగ్గరికి పోయేవాడు.

"భంతే, నాలో ఎక్కడో విషం ఉంది. ఏ సాధన చెయ్యమంటారు?"

పెద్ద భంతే ఆయన ముఖంలోకి ఒకసారి చూసి, "పొద్దున అడుగు" అనేవాడు.

పొద్దున్నే రాగి జావ తాగేసరికి అడగడానికి ఏమీ మిగిలేది కాదు. రాత్రి తిట్టిన కుళాయి కారుతూనే ఉండేది, అది కారడంలో తప్పేమీ కనబడేది కాదు. సిగ్గుపడి ఊరుకునేవాడు. సాయంత్రానికి కథ మళ్లీ మొదటికి వచ్చేది.

ఒక పున్నమి సాయంత్రం మాత్రం వేరే సంగతి పట్టుకుని వచ్చాడు.

"భంతే, మన మెట్ల దగ్గర ఆ నాగభూషణం బల్ల వేశాడు. షుగరు మాయం అంటూ చూర్ణం అమ్ముతున్నాడు. సూదులు మానండి, మాత్రలు పారెయ్యండి అని చెబుతున్నాడు. విహారం మెట్ల మీద కూర్చుని చెబుతున్నాడు! మీరు గెంటేస్తారా, నన్ను గెంటమంటారా?"

"ఇది కూడా పొద్దున అడుగు."

పొద్దున రేవత జావ తాగుతూ ఆలోచించాడు. నిన్న కుక్క మీదా కోపం వచ్చింది, నాగభూషణం మీదా వచ్చింది. రెండూ ఒకే బుర్రలోంచి వచ్చినవే కదా. కుక్కది ఉత్తదైతే నాగభూషణానిది మాత్రం ఉత్తది కాదని ఎందుకనుకోవాలి? అలా సరిపెట్టుకుని ఊరుకున్నాడు. నాగభూషణం బల్ల అక్కడే ఉండిపోయింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. రేవతకి షుగరు ఉంది. పట్నం డాక్టరు చిన్న మాత్ర రాశాడు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, భోజనానికి ముందు. రేవత దాన్నీ నియమంలాగే పట్టుకున్నాడు. పొద్దున మాత్ర వేసుకుని జావ తాగేవాడు. ఎండ తగ్గగానే రెండో మాత్ర వేసుకుని, భిక్షువు కాబట్టి, ఏమీ తినేవాడు కాదు. డాక్టరు మాటా నిలబెట్టాడు, బుద్ధుడి మాటా నిలబెట్టాడు. రెండు నియమాలకీ లోటు రానివ్వలేదని లోపల్లోపల కాస్త గర్వం కూడా ఉండేది.

రాత్రి తినననే ముక్క డాక్టరుకి చెప్పలేదు. చెబితే వ్రతం గురించి గొప్పలు పోయినట్టు ఉంటుందట! కొందరి వినయం చూస్తే ఒళ్లు మండుతుంది.

షుగరు పెద్ద భంతేకీ ఉంది. ఆయనది పాత జబ్బు, కాలి బొటనవేలు తీసుకుపోయిన జబ్బు. ఆయనకి సూది. మధ్యాహ్నం భిక్షాపాత్ర ముందు పెట్టుకుని, చీవరం కాస్త పక్కకి తీసి, పొట్టలో పొడుచుకుని, అప్పుడు ముద్ద కలిపేవాడు. పాత్రలో అన్నం కంటబడనిదే సూది మూత తీసేవాడు కాదు. ఆ కాసేపూ రేవత గోడ వైపు చూసేవాడు. దేహం మీద గురువుగారికి ఇంత ధ్యాస ఏమిటని ఆయనకి చిన్నచూపు. ఆ మాట ఎన్నడూ పైకి అనలేదు గానీ గోడకి తెలుసు.

పున్నమి పోయిన కొన్నాళ్లకి ఒకరోజు పొద్దు వాలుతుండగా దానమ్మ మెట్లెక్కి వచ్చింది.

దానమ్మ కింద పల్లె మనిషి. మిరప కోతలకి పోతుంది. ఆవిడ కూతురికి ఉత్పల అని పేరు పెట్టింది పెద్ద భంతే. ఏడో తరగతి చదువుతోంది. పోయిన ఏడు ఆ పిల్లకీ షుగరు బయటపడింది. ముసలివాళ్లకి మెల్లగా వచ్చేది కాదు, పిల్లల్ని ఉన్నట్టుండి పట్టుకునేది. రోజూ ఇన్సులిన్ సూది పడితేనే ఆ పిల్ల బడికి పోతుంది, ఆడుతుంది, అన్నం తింటుంది.

రేవత గంట కొట్టబోతూ, చెంబులో నీళ్లు పట్టుకుని మెట్ల మీద నిలబడి ఉన్నాడు. ఆయన చేతులు అప్పటికే వణుకుతున్నాయి.

"భంతే, రక్షకి పరిత్తం చదివి దారం ఇయ్యండి. మా ఉత్పలకి బాగాలేదు" అంది దానమ్మ.

"ఏమైంది?"

"నీళ్లు తెగ తాగతంది. తాగిందంతా పోస్తంది. పొద్దుటి నించీ వాంతులు. ఊపిరి ఎగబీలుస్తంది భంతే. నోరు తెరిస్తే మగ్గిన పండు వాసన."

"సూది వేశావా?"

దానమ్మ తల దించుకుంది. "ఆదివారం నించీ మానేశాం. నాగభూషణం గారు చూర్ణం ఇచ్చాడు. మజ్జెలో సూది పడిందంటే చూర్ణం విషమైపోద్దన్నాడు. మా ఆయన బిడ్డ మీద ఒట్టు పెట్టించుకున్నాడు."

రేవత కళ్ల ముందు మెట్లు, దానమ్మ, కిందున్న పల్లె అన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. చెవుల్లో హోరు. నాగభూషణం అక్కడ లేడు. దానమ్మ ఉంది.

"తల్లివా నువ్వు?" అని అరిచాడు. "నీ చేతులతో నువ్వే చంపుకుంటున్నావు! దారం కావాలా? చంపుకునేదానివి నీకు దారం ఎందుకు? సిగ్గు లేదూ? పో! నా కళ్ల ముందు నిలబడకు, పో!"

చేతిలో చెంబు విసిరేశాడు. అది మెట్ల మీద దొర్లుకుంటూ పోయి దానమ్మ కాళ్ల దగ్గర ఆగింది. దానమ్మ వంగి, చెంబు తీసి, నిలబెట్టి, దిగిపోయింది.

ఆస్పత్రికి తీసుకుపో అనే మాట రేవత నోట రాలేదు. నోటికొచ్చిన మాటలన్నీ అన్నాడు, అనవలసిన ఆ ఒక్కటీ అనలేదు.

అంతా వసారాలోంచి పెద్ద భంతే చూశాడు. ఆయన గొంతు పెద్దది.

"దానమ్మా! కింద కుళాయి దగ్గర కూర్చో. కదలొద్దు. ఆటో పిలుస్తున్నా. బిడ్డని ఆస్పత్రికి చేర్చాలి."

ఆటో సుభానీకి ఫోను చేశాడు. సుభానీ సిమెంటు ఫ్యాక్టరీ దగ్గర ఉన్నానని, వస్తున్నానని అన్నాడు. పెద్ద భంతే ఫోను పెట్టేసేసరికి రేవత ఎదురుగా నిలబడి ఉన్నాడు. పళ్లు పట పటా కొట్టుకుంటున్నాయి.

"నాకీ చీవరం వద్దు భంతే. తీసేస్తాను. ఒక తల్లిని పట్టుకుని..." అని అంతలోనే గొంతు మారింది. "అంతా మీవల్లే! పున్నమి నాడే చెప్పాను మీకు. పొద్దున అడగమన్నారు. ప్రతిదానికీ పొద్దున, పొద్దున! ఇప్పుడు ఆ పిల్ల చస్తే ఎవరిది పాపం? చెప్పండి, ఎవరిది?"

గురువుని ఎవరూ అలా అడగరు. రేవత అడిగాడు. అడిగి, ఇంకా అడగాలని ముందుకి వచ్చాడు.

పెద్ద భంతే ముందుకొచ్చిన ఆ మనిషి చెయ్యి పట్టుకున్నాడు. చల్లగా, తడిగా ఉంది. బొటనవేలితో శిష్యుడి నుదురు తుడిచాడు. వేలు తడిసింది.

"మాత్ర వేసుకున్నావా?"

"వేసుకున్నాను. నేనెప్పుడూ మానలేదు."

"తర్వాత ఏం తిన్నావు?"

"భంతే!" అన్నాడు రేవత, తన శీలాన్ని అనుమానించినట్టు. "పొద్దు వాలే వేళ నేనేం తింటాను?"

"ఇన్నాళ్లూ నీ ముఖమే చూశాను" అన్నాడు పెద్ద భంతే, తనలో తాను అనుకున్నట్టు. "చెయ్యి పట్టుకుని చూడలేదు."

కుంటుకుంటూ లోపలికి పోయి తేనె సీసా తెచ్చాడు.

"నోరు తెరు."

"వేళ దాటింది భంతే."

"రోగికి తేనె ఏ వేళైనా అనుమతే. పోయిన వానాకాలం వర్షావాసంలో ఆ పాఠం పల్లెవాళ్లకి చెప్పింది నువ్వే."

"నేను రోగిని కాను భంతే. కోపిష్టిని."

"ముందు రోగివి అవ్వు" అని పెద్ద భంతే రెండు వేళ్లు సీసాలో ముంచి, తేనె తీసి, శిష్యుడి నోట్లో పెట్టేశాడు. చిన్నపిల్లవాడికి మందు పెట్టినట్టు పెట్టాడు. రేవత కొరకబోయి, ఆగి, మింగాడు. ఇంకోసారి పెట్టాడు. మళ్లీ పెట్టాడు. తేనె గడ్డం మీద కారింది.

ఆటో ఇంకా రాలేదు. కింద కుళాయి దగ్గర దానమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుని ఉంది.

వసారా పక్కన బకెట్లో పొద్దున నానేసిన చీవరం ఉంది. పెద్ద భంతే దాన్ని పైకి తీసి మెలిపెట్టాడు. నీళ్లు ధారగా కారాయి.

"ఇది నువ్వు" అన్నాడు. "నీ మాత్ర లోపల చేసేది ఈ పిండడమే."

తీగ మీద ఆరేసిన చీవరం తీసి శిష్యుడి చేతుల్లో పెట్టాడు. ఎండకి పెళపెళలాడుతోంది.

"పిండు."

"ఇది పొడిది భంతే."

"పిండు."

రేవత మెలిపెట్టాడు. ఏమీ రాలేదు. కోపం ఇంకా చేతుల్లోనే ఉంది కాబట్టి ఇంకా గట్టిగా మెలిపెట్టాడు. కుట్టు దగ్గర పర్రుమంది.

"నీళ్లేవీ?"

"రాలేదు. చిరిగింది."

పెద్ద భంతే బకెట్లోంచి చెంబెడు నీళ్లు తీసి ఆ పొడి బట్ట మీద పోశాడు. అది తడిసి రేవత చేతుల్లో బరువెక్కింది.

"ఇది ఉత్పల" అన్నాడు.

రేవత తడిసిన బట్టని చూస్తూ నిలబడ్డాడు. చూస్తుండగానే చెవుల్లో హోరు తగ్గింది. వణుకు మోచేతుల నించి మణికట్టుకి, మణికట్టు నించి వేళ్లకి దిగి, పోయింది. మెట్లు మళ్లీ వేరువేరు మెట్లయ్యాయి. కుక్క వచ్చి తోక ఊపింది. ఊపనీ అనిపించింది.

అప్పుడు దానమ్మ నిలబెట్టి పోయిన చెంబు కనబడింది. రేవత తల పట్టుకుని కూలబడ్డాడు.

"కోపం ఇంకా ఉందా?" అన్నాడు పెద్ద భంతే.

రేవత లోపల వెతుక్కున్నాడు. "కుళాయి మీద లేదు. మీ మీద లేదు. ఆవిడ మీద... ఆవిడ మీద అసలు లేదు భంతే."

"ఇంకెవరి మీదా లేదా?"

రేవత జవాబు చెప్పేలోపు కింద ఆటో హారను మోగింది.

"పో" అన్నాడు పెద్ద భంతే. "నా కాలు అంత వేగం రాలేదు."

రేవత మెట్లు దిగి, ముందు దానమ్మ దగ్గర ఆగాడు. "అమ్మా, ఇందాక నేనన్నది నీకు తగలాల్సింది కాదు" అన్నాడు. దానమ్మ ఆటో ఎక్కింది. పక్కకి జరిగి చోటిచ్చింది.

ఇంట్లో ఉత్పల చాప మీద పడి ఉంది. కళ్లు సగం మూతలు. ఊపిరి లోతుగా, బరువుగా తీస్తోంది, పరుగెత్తి వచ్చినదానిలా. తండ్రి సుందరం గుమ్మంలో గొంతుకూర్చుని ఉన్నాడు. నాగభూషణం మంచం మీద కాలు మీద కాలు వేసుకుని, ఒళ్లో చూర్ణం డబ్బా పెట్టుకుని కూర్చున్నాడు. మనిషి మీద అత్తరు వాసన. చస్తున్న పిల్ల పక్కన అత్తరు పూసుకుని కూర్చునే గుండె ఉండాలి మనిషికి.

"ఆటో ఉంది. బిడ్డని లేపు సుందరం" అన్నాడు రేవత.

నాగభూషణం నవ్వాడు. "పాత విషం బయటికి పోతా ఉంది భంతే. వాంతులు అందుకే. ఇంకో రెండు పూటలు ఓపిక పడితే..."

"లేపు సుందరం."

"బుద్ధుడి బిడ్డలు మీరు. ఈ కోపం మీకు తగునా?"

"తగదు" అన్నాడు రేవత. "అయినా ఉంది. జరుగు."

ఆ మాట ఆయన పెద్దగా అనలేదు. జీవితంలో ఎప్పుడూ అంత కోపం రాలేదు ఆయనకి. చెయ్యి వణకలేదు, కళ్లు మసకలు కమ్మలేదు. మంచం కోళ్లు, డబ్బా మీద అంటించిన బొమ్మ, పిల్ల ఎండిన పెదాలు, అన్నీ విడివిడిగా కనబడ్డాయి.

సుందరం ఏడుపు గొంతుతో అన్నాడు. "రెండిళ్లవతల సీతారావయ్యకి ఈ చూర్ణంతోనే తగ్గింది భంతే. నా కళ్లతో చూశా. ఆయనకి తగ్గింది నా బిడ్డకెందుకు తగ్గదు?"

రేవత సుందరం భుజం మీది తువ్వాలు లాగి, ఒక కొస కడవలో ముంచి, చేతికిచ్చాడు.

"తడి కొస పిండు."

పిండాడు. నీళ్లొచ్చాయి.

"ఇది సీతారావయ్య. ఆయన లోపల ఇంకా తడి ఉంది. మాత్ర వేసినా, మాత్ర నూరి చూర్ణంలో కలిపినా, పిండితే కాస్త వస్తుంది. ఇప్పుడు పొడి కొస పిండు."

సుందరం పిండాడు. మళ్లీ పిండాడు. కూతురి వైపు చూసి, ఇంకోసారి, పళ్ల బిగువున పిండాడు.

"రాదు" అన్నాడు రేవత. "నీ బిడ్డ లోపల ఆ తడి లేదు. దేవుడు దిగొచ్చి పిండినా రాదు. బయటి నించి పొయ్యాలి. సూది అంటే అదే, ఇంకేం కాదు. నువ్వు ఆదివారం నించీ పొయ్యడం మానేశావు."

సుందరం తువ్వాలు కింద పడేసి కూతుర్ని రెండు చేతులా ఎత్తుకున్నాడు. ఒట్టు మాట ఎత్తలేదు.

నాగభూషణం గుమ్మానికి అడ్డం వచ్చాడు. "సూది పడ్డాక ఏం జరిగినా నాది పూచీ కాదు. ముందే చెబుతున్నా."

రేవత వాడి చేతిలోంచి డబ్బా లాక్కున్నాడు. "నీ పూచీ సంగతి పొద్దున మాట్లాడదాం" అని దారి చేసుకుని బయటికి నడిచాడు.

పట్నంలో పెద్దాస్పత్రిలో డ్యూటీ డాక్టరు ఒక ఆడమనిషి. పిల్ల నోటి వాసన చూడగానే ఆవిడకి అర్థమైంది. ఒక చేతికి సెలైను, ఇంకో చేతికి ఇన్సులిన్ ఎక్కించారు. దానమ్మ పిల్ల కాళ్ల దగ్గర నిలబడి పాదాలు రుద్దుతూనే ఉంది, వద్దని ఎవరూ చెప్పలేదు.

పని అయ్యాక డాక్టరు బయటికి వచ్చి సుందరాన్ని నిలబెట్టి కడిగేసింది. ఆ తర్వాత గోడకి ఆనుకుని నిలబడ్డ భిక్షువుని చూసింది. తేనె మీద నిలబడ్డ మనిషి, ముఖం పాలిపోయి ఉంది.

"మీకేమైంది?"

రేవత చెప్పాడు. షుగరు, మాత్ర, సాయంత్రాలు, కోపం, తేనె.

"రాత్రి ఏం తింటారు?"

"తినమండీ. మధ్యాహ్నం దాటాక ముట్టం."

"ఈ మాట రాసిచ్చిన డాక్టరుకి చెప్పారా?"

"లేదండీ."

ఆవిడకి మళ్లీ కోపం వచ్చింది. "భోజనానికి ముందు అని రాస్తే భోజనం లేదని చెప్పాలి కదండీ! మాత్రకి మీ వ్రతం తెలుసా? అది పోయి పొట్ట వెనకాల ఉన్న క్లోమాన్ని పిండుతుంది. ఇన్సులిన్ వస్తుంది. అది నెత్తుట్లో చక్కెరని కండల్లోకి తోసేస్తుంది. మీరు తిన్నారా లేదా అని ఆగి చూడదు. తిననివాడికి ఉన్న చక్కెర కూడా ఊడ్చిపెట్టుకు పోతే మెదడుకి ఏం మిగులుతుంది? వణుకు, చెమట, మతిలేని కోపం. ఇంకాస్త తగ్గితే పడిపోయేవాళ్లు. మీ గుట్ట మీంచి పడితే ఏరుకోవడానికి ఏం దొరుకుతుంది?"

రేవత చేతులు కట్టుకుని నిలబడి విన్నాడు, ఒకప్పుడు ఆయన ముందు ఆలస్యంగా వచ్చిన పిల్లలు నిలబడినట్టు. ఆవిడ సాయంత్రం మాత్ర కొట్టేసింది. పొద్దునది మాత్రం వేసుకుని తప్పకుండా తినమంది, పరీక్షలకి రమ్మంది. డబ్బా మూత తీసి చూసింది.

"ఇందులో ఏం కలిపాడో పరీక్ష చేస్తే గానీ తెలియదు. ఇలాంటి డబ్బాలు పట్టుకొచ్చేవాళ్లు నెలనెలా వస్తారు. ఒక్కడూ ఫిర్యాదు చెయ్యడు. ఇంటికి పోతారు, మర్చిపోతారు" అంది. "మీరూ అంతేగా."

తెల్లవారుజామున ఉత్పల కళ్లు తెరిచింది. తల్లిని చూసి, తండ్రిని చూసి, ఆకలేస్తోంది అంది. సుందరం వరండాలోకి పోయి గోడకి తల కొట్టుకుంటూ ఏడ్చాడు.

రేవత డబ్బా పట్టుకుని గుట్టెక్కేసరికి పొద్దు పొడిచింది. పెద్ద భంతే వసారాలో కూర్చుని ఉన్నాడు. ముందు రెండు పాత్రల్లో రాగి జావ. ఒకటీ ముట్టుకున్నట్టు లేదు.

"ఉత్పల?"

"ఆకలంది భంతే."

పెద్ద భంతే కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి తెరిచాడు.

"నీకు?"

"తగ్గింది. సాయంత్రం మాత్ర తీసేశారు."

"కోపం సంగతి అడుగుతున్నా."

రేవత ఒకసారి చుట్టూ చూశాడు. కుళాయి కారుతోంది. కుక్క తోక ఊపుతోంది. గంట తాడు మంచుకి తడిసి వేలాడుతోంది. ఆయన లోపల వాటి మీద ఏమీ లేదు. చేతిలో డబ్బా వైపు చూశాడు.

"ఉంది భంతే."

"పొద్దున కూడానా?"

"పొద్దున కూడా."

"నిన్నటి కంటే తక్కువా?"

"ఎక్కువ."

పెద్ద భంతే తల ఊపాడు. జావ పాత్ర శిష్యుడి వైపు జరిపాడు. "పున్నమి నాడు నువ్వు తెచ్చింది కూడా ఇదే. నేను పోల్చుకోలేదు" అన్నాడు. "మాత్ర వేసుకో. జావ తాగు. తర్వాత ఆ డబ్బా పట్టుకుని స్టేషనుకి పో."

రేవత మాత్ర వేసుకుని జావ తాగాడు. పాత్ర కడిగి బోర్లించి, డబ్బా చేతిలోకి తీసుకుని లేచాడు. వెనక అలికిడి అయితే తిరిగి చూశాడు. పెద్ద భంతే కూడా స్తంభం పట్టుకుని లేస్తున్నాడు.

"మీరెందుకు భంతే? ఆ కాలితో అంత దూరం..."

"ఆ కర్ర ఇలా ఇవ్వు" అన్నాడు పెద్ద భంతే. "నాకూ ఉంది."